రెండెకరాల బత్తాయి తోట, ఒక ఏడాది సర్టిఫికెట్

ప్రశ్న: అమ్మా, మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నాలుగెకరాల భూమి ఉంది. అందులో రెండెకరాలు బత్తాయి తోట, కాపుకొచ్చి మూడేళ్లయింది. మా పెద్ద కొడుకు 2023లో బీటెక్ సీఎస్‌ఈ అయిపోయాడు, 64 శాతం వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాడు. జీతం 22 వేలు, రెండేళ్లయినా పెరగలేదు. వయసు 25. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్లు, కెనడా కాలేజీలో ఏడాది పాటు బిజినెస్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కోర్సు చదివితే రెండేళ్లలో పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) గ్యారంటీ అంటున్నారు. అంతా కలిపి 22 లక్షలు. బ్యాంకులో చూపించాల్సిన డబ్బు కూడా వాళ్లే సర్దుతారట, దానికి వేరే 60 వేలు. తోట అమ్మి, తక్కువ పడింది రెండు రూపాయల మిత్తికి తెద్దామని నేనూ కొడుకూ అనుకున్నాం. వాళ్లమ్మ తోట జోలికి పోవద్దంటుంది, రెండు వారాలుగా మాతో మాట కూడా సరిగా లేదు. మీరు అక్కడ చదివి వచ్చినవారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: అన్నా, ముందు తోట అమ్మే మాట ఆపండి. బయానా ఇంకా తీసుకోలేదనే అనుకుంటున్నాను. మీ అబ్బాయి కెనడా వెళ్లొద్దని నేను చెప్పడం లేదు. ఆ కోర్సుకు వెళ్లొద్దంటున్నాను.

ఎందుకో చెబుతాను. అక్కడ చదువు అయిపోగానే పీఆర్ ఇవ్వరు. చదువు తర్వాత వర్క్ పర్మిట్ రావాలి. ఆ పర్మిట్ మీద కనీసం ఒక ఏడాది, గంటల్లో చెప్పాలంటే 1,560 గంటలు, నైపుణ్యం కింద లెక్కకొచ్చే ఉద్యోగం చేయాలి. ఆ తర్వాతే పీఆర్ వరసలో నిలబడేది. ఇందులో మొదటి గడప వర్క్ పర్మిట్. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవాళ్లు డిగ్రీ కాకుండా కాలేజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చదివితే, ఆ సబ్జెక్టు కెనడా ప్రభుత్వం వేసిన జాబితాలో ఉండాలి. వైద్యసేవలు, వ్యవసాయం, సైన్స్, టెక్నాలజీ, కొన్ని చేతిపనులు, పసిపిల్లల చదువు లాంటివి అందులో ఉన్నాయి. మామూలు బిజినెస్ మేనేజ్‌మెంట్ లేదు. అంటే మీ అబ్బాయి ఏడాది చదివి పాసైనా వర్క్ పర్మిట్ రాదు. పర్మిట్ లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే పీఆర్ ప్రస్తావనే లేదు. 22 లక్షలు పెట్టి ఒక కాగితం పట్టుకుని శంషాబాద్‌లో దిగాలి.

ఒకవేళ జాబితాలో ఉన్న సబ్జెక్టే ఇప్పిస్తామని వాళ్లు మాట మార్చినా, ఏడాది కాలేజీ కోర్సుకు వచ్చే పర్మిట్ కూడా ఏడాదే. పర్మిట్ చేతికొచ్చిన మర్నాడే సరైన ఉద్యోగం దొరికితే తప్ప ఆ ఏడాది అనుభవం నిండదు. అదే యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తే, కోర్సు రెండేళ్లకు తక్కువైనా మూడేళ్ల పర్మిట్ ఇస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి ఆ పద్ధతి ఉంది. డిగ్రీలకు, మాస్టర్స్‌కు ఆ సబ్జెక్టుల జాబితా కూడా అడ్డం రాదు. ఈ రెండు ముక్కలు కన్సల్టెన్సీ వాళ్లకు తెలియవని నేను అనుకోను. కాలేజీలు తెచ్చిన విద్యార్థికి ఇంతని ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయి. మీరు కట్టే ఫీజు ఒక్కటే వాళ్ల ఆదాయం కాదు.

ఇక ఆ 60 వేల సంగతి. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. వెళ్లే విద్యార్థి మొదటి ఏడాది ఫీజు కాకుండా, బతకడానికి 22,895 కెనడా డాలర్లు ఉన్నట్టు చూపాలి. 2025 సెప్టెంబర్ నుంచి ఈ లెక్క. మన డబ్బులో 14 లక్షల పైమాటే. 2023 వరకు ఇది 10,000 డాలర్లే ఉండేది. ఆ డబ్బు మీది కాకుండా పది రోజులు ఎవరో మీ ఖాతాలో వేసి తీసేసుకుంటే, అది వాళ్ల చట్టంలో అబద్ధం చెప్పి దరఖాస్తు చేయడం. పట్టుబడితే ఐదేళ్లు ఆ దేశం తలుపు మూసుకుంటుంది. శిక్ష మీ అబ్బాయి పేరు మీదే పడుతుంది, సర్దినవాళ్ల మీద పడదు. అదీ కాక, ఆ డబ్బు చూపమన్నది బిడ్డ అక్కడ అద్దె కట్టి కడుపు నింపుకోవాలని. లేని డబ్బు చూపి పంపితే మొదటి నెల నుంచే కష్టాలు మొదలవుతాయి.

మిత్తి లెక్క కూడా నిదానంగా వేసుకుందాం. రెండు రూపాయల మిత్తికి 10 లక్షలు తెచ్చారనుకోండి, నెలకు 20 వేలు. మీ అబ్బాయి ఇప్పటి జీతం దాదాపు అంతే. చదువుకునేటప్పుడు కాలేజీ బయట వారానికి 24 గంటలే పని చేయనిస్తారు. 2024 నవంబర్‌లో పెట్టిన హద్దు అది. గంటకు 16, 17 డాలర్ల లెక్కన వచ్చేది అద్దెకూ తిండికీ ఫోనుకూ బస్సుకూ పోతే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. మిగులుతుందని చెప్పేవాళ్లు ఇంటివాళ్లు కంగారు పడకూడదని చెబుతున్నారు. నేనూ అలాగే చెప్పాను మా నాన్నకు, రెండేళ్ల పాటు.

మాది మక్తల్ దగ్గర ఊరు. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కట్టలు, కాలువలు తవ్వడానికి ఊర్లు పట్టుకు తిరిగిన పాలమూరు కూలీ. పండగకు ముందు మేస్త్రీ ఇంటికొచ్చి చేతిలో డబ్బు పెట్టేవాడట. ఆ డబ్బు తీరేదాకా ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. తీరిందా లేదా అన్నది మేస్త్రీ పుస్తకంలోనే ఉండేది, తాతకు చదువు రాదు. ఆ పుస్తకం గురించి మా నానమ్మ చివరిదాకా చెప్పేది. 2015లో నేను విన్నిపెగ్‌కు ఫుడ్ సైన్స్ మాస్టర్స్ చదవడానికి వెళ్లేటప్పుడు ఆమె నన్ను ఒక్కటే అడిగింది: “లెక్క నీకు చదవొస్తదా?” నిబంధనలు నువ్వే చదువుకున్నావా, వేరేవాడు చెప్తే పోతున్నావా అని ఆమె ఉద్దేశం. మీ అబ్బాయి ఇంజనీరు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రతి నియమం తేలిక ఇంగ్లిషులో ఉంది. అతను స్వయంగా చదవలేదంటే నాకు బాధగా ఉంది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. 2017లో చదువు అయ్యాక ఏడు నెలలు ఒక దుకాణంలో క్యాషియర్‌గా చేశాను. పని పనే కదా, పీఆర్‌కు లెక్కకొస్తుందని నమ్మాను. రాదు. క్యాషియర్ పని నైపుణ్యం ఉద్యోగాల వరసలో లేదు. అలాగే ఫుల్‌టైమ్ చదువుతున్నప్పుడు చేసిన పని ఏదైనా ఆ ఏడాది అనుభవంలో కలవదు. ఆ దుకాణం యజమాని, కొంత డబ్బిస్తే సూపర్‌వైజర్‌గా చేసినట్టు ఉత్తరం రాసిస్తానన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, ఆశ పడ్డానని ఒప్పుకుంటాను. తీసుకోలేదు. 2018 ఏప్రిల్‌లో గింజల నాణ్యత చూసే ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది, లెక్క అక్కడి నుంచి మొదలైంది. మూడేళ్ల పర్మిట్ ఉంది కాబట్టి ఆ ఏడు నెలలు పోయినా తట్టుకున్నాను. మీ అబ్బాయికి ఏడాది పర్మిట్ అయితే అక్కడితో కథ అయిపోతుంది.

మార్కుల విషయం అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పీఆర్‌కు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వరస 2015 జనవరి నుంచి ఉంది. వయసు, చదువు, భాష, అనుభవం అన్నిటికీ మార్కులు వేసి, ఎంసెట్ లాగే కటాఫ్ పెట్టి పిలుస్తారు. 2019లో నాకు వచ్చినవి 489. వయసుకు 110, మాస్టర్స్‌కు 135, ఇంగ్లిషుకు 124, అక్కడి ఒక ఏడాది పనికి 40, మంచి చదువూ మంచి ఇంగ్లిషూ రెండూ ఉన్నందుకు 50, అక్కడే మాస్టర్స్ చదివినందుకు 30. అప్పుడు కటాఫ్ 460 దగ్గర ఉంది, పిలుపు వచ్చింది. అక్కడి అనుభవం ఉన్నవాళ్ల కటాఫ్ 2025 పొడవునా 510కి పైనే ఉంది. అదే 489తో నేను ఇవాళ వరసలో ఉంటే నాకు పీఆర్ లేదు. 2021 ఫిబ్రవరి 13న మాత్రం 75 మార్కులకే పిలిచారు, ఒక్కరోజే 27,332 మందిని. కరోనాతో సరిహద్దులు మూసి ఉన్నాయి, అప్పటికే ఆ దేశంలో ఉన్నవాళ్లను తీసుకున్నారు. అప్పటి అదృష్టాన్ని చూపి ఇవాళ గ్యారంటీ అనడం చాలా తప్పు. పీఆర్‌కు గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు.

ఇప్పుడు మంచి మాట. మీ అబ్బాయి మాస్టర్స్‌కు వెళ్తే పై 489కి తోడు మరికొన్ని వస్తాయి. 22 వేల జీతమని చిన్నచూపు చూస్తున్న ఆ టెస్టింగ్ ఉద్యోగం రెండేళ్లకు, ఇంగ్లిషు మంచి స్థాయిలో ఉంటే, అక్కడ ఒక ఏడాది పని అయ్యాక 38 మార్కులు. మొత్తం 527. అక్కడ రెండో ఏడూ పనిచేస్తే 552. వయసు 29 దాటకుండా ఇవన్నీ జరగాలి, 30 నుంచి ఏడాదికి ఐదారు మార్కులు తగ్గుతూ పోతాయి. కాబట్టి ఆ ఉద్యోగం ఆవేశంగా మానేయవద్దని చెప్పండి. జీతం బ్యాంకులో పడిన వివరాలు, ఏ పని చేశాడో విడమరచిన అనుభవ పత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసి పెట్టుకోవాలి. కంపెనీ మూతపడ్డాక ఆ కాగితం కోసం తిరిగినవాళ్లను నేను చూశాను. ఇంకా ఓపికుంటే హైదరాబాద్‌లో సాయంత్రాలు ఫ్రెంచ్ నేర్చుకోమనండి. ఫ్రెంచ్ వచ్చినవాళ్లను వేరే కటాఫ్‌తో పిలుస్తున్నారు. 2025లో అది మామూలు కటాఫ్ కంటే వంద మార్కులకు పైగా తక్కువ పడిన సందర్భాలున్నాయి.

డబ్బుకు దారి. మీరు తండా అని రాశారు కాబట్టి ఎస్టీ అయి ఉంటారు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం విదేశాల్లో పీజీ చదివే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షలు ఇస్తుంది. ఏటా ఆదాయం ఐదు లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. మీ అబ్బాయికి 64 ఉంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటివే ఉన్నాయి. ఇది పీజీకే, కన్సల్టెన్సీ చెప్పిన సర్టిఫికెట్‌కు రాదు. వాళ్లు మీకు ఈ పథకం పేరు కూడా ఎత్తకపోవడానికి కారణం అదే కావచ్చు. డబ్బు పది లక్షల చొప్పున రెండుసార్లు ఇస్తారు, మొదటిది అక్కడ దిగిన కాగితం చూపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం చూపాక. చేతికి రావడం ఆలస్యం కావచ్చు, కాబట్టి మొదటి ఫీజు గడువును దాని మీద పెట్టుకోవద్దు. ఆ మొదటి మొత్తానికి ప్రభుత్వ బ్యాంకులో చదువు రుణం అడగండి. మిత్తి ఏడాదికి పది శాతం అటూ ఇటూ ఉంటుంది, మీరు తెద్దామనుకున్నది ఏడాదికి 24 శాతం. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు, ఇల్లో ప్లాటో చూపాలి. ఈ ఒక్క కారణంతోనే మనవాళ్లు బ్యాంకు గడప దిగి మిత్తి వ్యాపారి దగ్గరికి పోతారు. బంధువుల్లో ఎవరికైనా పట్నంలో ప్లాటు ఉంటే అడగడానికి మొహమాటపడవద్దు.

రుణం ఎంత తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు పీఆర్ రాదనే అనుకుని లెక్క వేయండి. చదివి, మూడేళ్లు పనిచేసి, తిరిగి వచ్చేసినా తీరేంత అప్పయితే పంపండి. అంతకు మించితే యూనివర్సిటీ మార్చండి, లేదా ఒక ఏడాది ఆగండి.

రేపు కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అబ్బాయితోనే రెండు అడిగించండి. ఈ కోర్సుకు చదువు తర్వాత వర్క్ పర్మిట్ వస్తుందని కాలేజీ పేరుతో రాసిస్తారా? మీ దగ్గర కెనడా ఇమిగ్రేషన్ సలహాదారుగా లైసెన్సు ఉన్నవారి నంబరు ఏది? ఆ నంబరు నిజమో కాదో అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ జాబితాలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. జవాబు దాటవేస్తే ఇచ్చిన కాగితాలన్నీ, ముఖ్యంగా ఒరిజినల్ మెమోలు, వెనక్కి తీసుకోండి.

వదినకు నా మాటగా చెప్పండి, ఆమె భయం సరైనదే. బత్తాయి మళ్లీ పెడితే కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుందని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న: అక్కా, చదువు కోసం ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో అకడమిక్ రకం రాశాను, 7 వచ్చింది. ఇదే స్కోరు రేపు పీఆర్‌కు పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: రాదమ్మా. పీఆర్‌కు అదే పరీక్షలో జనరల్ ట్రైనింగ్ అనే రకం వేరే రాయాలి. అదీ రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి ఇప్పుడే రాసి డబ్బు వృథా చేసుకోవద్దు. అప్పుడు రాసేటప్పుడు మొత్తం 7 సరిపోదు. పై అన్నకు చెప్పిన 124 మార్కులు రావాలంటే లిజనింగ్‌లో 8, చదవడం, రాయడం, మాట్లాడటంలో 7 చొప్పున రావాలి. ఏ ఒక్కటి అర మార్కు తగ్గినా, భాషకే కాదు, చదువుతో కలిపి ఇచ్చే 50లో కూడా సగం పోతాయి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రాయడంలో. ఇప్పటి నుంచే రోజుకో ఉత్తరం ఇంగ్లిషులో రాయి.

ప్రశ్న: నాకు 2024 జనవరిలో పీఆర్ వచ్చింది, కాల్గరీలో ఉద్యోగం. నాన్న లేరు. అమ్మ హాలియాలో ఒక్కతే ఉంటోంది, మోకాళ్లు బాగా పాడయ్యాయి. కొన్నాళ్లు వచ్చి అమ్మ దగ్గర ఉంటే పీఆర్ పోతుందా? అమ్మను ఇక్కడికి తెచ్చుకోవచ్చా?
– ఒక కూతురు, హాలియా

జవాబు: చెల్లీ, ఐదేళ్లలో 730 రోజులు నువ్వు ఆ దేశంలో ఉండాలి. ఒకేసారి కానక్కరలేదు. నీ మొదటి ఐదేళ్లు 2029 జనవరికి నిండుతాయి. అప్పటిలోగా 730 రోజులు పూర్తయితే మిగిలిన కాలం అమ్మ దగ్గర ఉన్నా ఇబ్బంది లేదు. ఆ తర్వాత లెక్క మారుతుంది. ఎప్పుడు అడిగితే అప్పటి నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తారు, అందులో 730 ఉండాలి. పాస్‌పోర్టులో ముద్రలు చూసి వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాసుకో. పౌరసత్వం కావాలంటే మాత్రం ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉండాలి. అది తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, విదేశీ పౌరులైన మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చి పోవచ్చు.

నేను 2020 ఫిబ్రవరిలో పీఆర్ అయ్యాను. 2022 మేలో నాన్నకు పక్షవాతం వచ్చిందని ఫోన్ వచ్చింది. రెండు నెలల సెలవని వచ్చాను. మొదటి ఐదేళ్లకు రోజులు నిండే ఉన్నాయి, కాబట్టి చాలాకాలం ధైర్యంగానే ఉన్నాను. ఇప్పుడు వెనక్కి లెక్కపెడితే నాకు చాలవు. నాన్నను రెండేళ్లు చూసుకున్నాను, ఆయన పోయాక మళ్లీ వెళ్లలేదు. అది తెలిసి చేసిన పని, బాధ లేదని అనను. నీకు ఆ పరిస్థితి రాకూడదనే రోజుల లెక్క ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మను తెచ్చుకోవడానికి సూపర్ వీసా నీకు సరిపోతుంది. పీఆర్ ఉన్న బిడ్డ అమ్మానాన్నలను పిలుచుకోవచ్చు, ఒకసారి వస్తే ఐదేళ్ల వరకు ఉండనిస్తారు. నీ ఆదాయం వాళ్లు చెప్పిన కనీస మొత్తానికి తగ్గకూడదు. అమ్మకు కనీసం ఏడాదికి, లక్ష డాలర్ల వైద్య బీమా తీయాలి, ఆరోగ్య పరీక్షలు చేయించాలి. మోకాళ్లు ముందే పాడయ్యాయి కాబట్టి వాటికయ్యే ఖర్చును బీమా ఇవ్వకపోవచ్చు. పాలసీలో ఆ వాక్యం వెతికి చదువు. ఆపరేషన్ చేయించేదుంటే హైదరాబాద్‌లో చేయించి, నడక కుదిరాకే తీసుకెళ్లు. అమ్మకే పీఆర్ తెప్పించే పథకం మీద ఇప్పుడు ఆశ పెట్టుకోవద్దు. 2025 వరకు కూడా 2020లో పేరు ఇచ్చినవాళ్ల జాబితా నుంచే పిలిచారు.

ఇదంతా చేసే ముందు అమ్మను అడుగు. ఇంటి తాళం ఎవరికివ్వాలి, గేదెను ఏం చేయాలి, ఆసరా పింఛను ఆగుతుందా, ఆమె ఆలోచించేవి ఇవే. వస్తానంటే జూన్‌లో తీసుకెళ్లు. మంచు కురవకముందే నాలుగు నెలలు వీధి, గుడి, కూరగాయల దుకాణం అలవాటైతే చలికాలం ఆమె ఇంట్లో ఒంటరిగా కూర్చోదు.